బర్జెస్, పౌరుడు, కార్మికుడు: ఇంగ్లీషు పట్టణహక్కుల కొలమానంతో గోదావరిఖని – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంగ్లాండు పట్టణచరిత్రలోని ‘బర్జెస్’ను తెలుగులో ‘పౌరుడు’ అనడం వాడుక. బర్జెస్ హక్కుకు ఆధారమైన స్థలం, ఆ హక్కు చుట్టూ గీసిన గిరి – రెండూ ఆ అనువాదంలో మరుగునపడతాయి. న్యూకాజిల్, మద్రాసు పట్టణాల ఆధారంగా బర్జెస్ హక్కుల స్వరూపాన్ని విశ్లేషించి, సింగరేణి పట్టణాల్లో, విశేషించి గోదావరిఖనిలో, ఆ హక్కుల్లో ఏది ఎవరి చేతిలో ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బర్జెస్, బరో, నకరం, సింగరేణి, గోదావరిఖని, వారసత్వ ఉద్యోగం, పట్టా, మునిసిపాలిటీ.

1. ఒక మాట, రెండు దారులు

గోదావరిఖనిలో ‘బూర్జువా’ అన్న మాటకు అర్థం చెప్పవలసిన పనిలేదు. కార్మికసంఘాల కరపత్రాల్లో, గేటు మీటింగుల్లో దశాబ్దాలుగా నలిగిన మాట అది. అదే మాటకు ఇంగ్లీషులో ఒక తోబుట్టువు ఉన్నదన్న సంగతి మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఫ్రెంచి ‘బూర్గ్’, ఇంగ్లీషు ‘బరో’ ఒకే మూలం నుంచి పుట్టాయి. కోట కట్టుకున్న ఊరని రెండింటికీ అర్థం. ఆ ఊళ్లో హక్కుదారుగా ఉండేవాడు ఫ్రెంచిలో బూర్జువా అయ్యాడు. ఇంగ్లీషులో బర్జెస్ అయ్యాడు. మొదటి మాట మార్క్సిస్టు సాహిత్యం వెంట తెలుగులోకి వచ్చి దాదాపు తిట్టుగా స్థిరపడింది. రెండోది చరిత్ర పాఠాల వెంట వచ్చి ‘పౌరుడు’గా, ‘పురజనుడు’గా మర్యాద పొందింది. ఒకే మనిషి ఒక అనువాదంలో దోపిడీదారు, మరొక అనువాదంలో ప్రజాస్వామ్యానికి ఆదిపురుషుడు. ఈ రెండు ముఖాలనూ కలిపి చూడకుండా ఇంగ్లీషు పట్టణచరిత్రను తెలుగులో చెప్పడం సాధ్యం కాదు.

‘పౌరుడు’ శబ్దం పుట్టుకరీత్యా తప్పేమీ కాదు. పురానికి చెందినవాడు పౌరుడు. కాని ఇవాళ ఆ మాట పురాన్ని విడిచి దేశానికి అంటుకుంది. ఓటరు కార్డు, పాస్‌పోర్టు ఉన్న ప్రతివారూ పౌరులే. బర్జెస్ అలాంటివాడు కాడు. ఒక ఊరి జనాభాలో బర్జెస్‌లు కొందరే. అదే వీధిలో, అదే గోడ పక్కన ఉంటూ బర్జెస్ కానివారు ఎందరో. ‘ఊరివాళ్ల హక్కులు’ అని అనువదించిన చోట మూలంలో ‘ఊళ్లో కొందరి హక్కులు’ అని ఉంటుంది.

తెలుగు శాసనభాషలో దీనికి దగ్గరి మాట లేకపోలేదు. కాకతీయ యుగపు శాసనాల్లో కనిపించే ‘నకరం’ వర్తకుల సామూహికసంస్థ; దానికి సభ్యులున్నారు, కట్టుబాట్లున్నాయి. అంటే సభ్యత్వం ద్వారా హక్కు అన్న ఊహ తెలుగునేలకు కొత్తది కాదు. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం (1244) కూడా ఈ సందర్భంలో గుర్తుకు రావలసిందే. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును రాజు స్వాధీనం చేసుకోడని, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసుకుంటాడని అది వర్తకులకు హామీ ఇచ్చింది. అదే శతాబ్దంలో ఇంగ్లాండు రాజులు పట్టణాలకు ఇస్తూ వచ్చిన చార్టర్లతో దీన్ని పోల్చాలన్న ఉత్సాహం కలుగుతుంది. అయితే మోటుపల్లి శాసనం అభయం ఇచ్చింది. బరో చార్టరు అభయంతోపాటు ఆ అభయాన్ని తరతరాలుగా పట్టుకుని ఉండే ఒక సమూహాన్ని కూడా గుర్తించింది. ఆ సమూహానికి పెట్టిన పేరే బర్జెస్‌లు. అందువల్ల ఈ వ్యాసంలో ఆ మాటను అనువదించకుండా వాడడమే ఉచితం.

2. స్థలం, భారం, సభ్యత్వం

బర్జెస్ హక్కుకు మొదటి ఆధారం కాళ్ల కింది నేల. పట్టణంలో అతడు పట్టుకున్న స్థలాన్ని ‘బర్గేజ్’ అంటారు. పల్లెలో విల్లీన్, అంటే ప్రభువు భూమికి కట్టుబడిన రైతు, తన పొలానికి బదులు ప్రభువు పొలంలో వెట్టి చేయాలి. కూతురి పెళ్లికి ప్రభువు అనుమతి కొనుక్కోవాలి. బర్గేజ్‌కు ఆ బాదరబందీ లేదు. ఏడాదికి ఇంత అని రొక్కపు శిస్తు కడితే చాలు. దాన్ని అమ్ముకోవచ్చు, వీలునామా రాయవచ్చు. నార్మండీలోని బ్రెతెయి పట్టణపు ఆచారాలను విలియం ఫిట్జ్ ఆస్బర్న్ హియర్‌ఫర్డ్‌కు తెచ్చాడు. ఆ ఆచారాల్లో జరిమానాకు 12 పెన్నీల పరిమితి ఉండడం చిన్న విషయం కాదు. తప్పు చేసినా ప్రభువు ఎంత గుంజగలడో ముందే తెలిసి ఉండడం ఆ కాలానికి పెద్ద భద్రత. మేరీ బేట్‌సన్ 1900, 1901 సంవత్సరాల్లో ఈ ఆచారాలపై రాసిన వ్యాసాలు, తరవాత రెండు సంపుటాలుగా సంకలించిన బరో ఆచారాలు ఈ రంగంలో నేటికీ మొదట తెరవవలసిన పుస్తకాలు.

రెండవ ఆధారం భారం. రాజుకు చెల్లించవలసిన పట్టణపు శిస్తును ఊరు మొత్తానికి ఒకే మొత్తంగా ఖరారు చేసుకుని, తామే వసూలు చేసి కట్టే హక్కును బర్జెస్‌లు డబ్బిచ్చి సంపాదించారు. దానితో రాజోద్యోగి అయిన షెరీఫ్ ఊళ్లోకి వచ్చి వసూళ్లు చేసే అవసరం తప్పింది. పన్నులో వాటా మోసినవాడే మాటలో వాటాకు అర్హుడన్న సూత్రం ఇక్కడే రూపు దిద్దుకుంది.

మూడవది సభ్యత్వం. ఇక్కడే తెలుగు పాఠకుడు ఎక్కువగా పొరపడే అవకాశం ఉంది. పారిపోయి వచ్చిన విల్లీన్ పట్టణంలో ఏడాదీ ఒక రోజూ ఉంటే స్వతంత్రుడవుతాడన్న నియమం ప్రసిద్ధమే. మొదటి హెన్రీ కాలపు న్యూకాజిల్ ఆచారాల్లోనూ అది ఉంది. అయితే 1180ల చివర గ్లాన్‌విల్ పేరుతో వెలువడిన న్యాయగ్రంథం ఇంకో షరతు పెట్టింది. ఉండడం ఒక్కటే చాలదు. ఆ ఊరి సమూహంలోకి, అంటే గిల్డులోకి, అతణ్ణి సభ్యుడిగా చేర్చుకొని ఉండాలి. గాలి పీల్చినంత మాత్రాన విముక్తి రాదు. పట్టీలో పేరు ఎక్కాలి.

ఆ పట్టీలోకి ఎక్కడానికి తరవాతి శతాబ్దాల్లో మూడు దారులు స్థిరపడ్డాయి: తండ్రి నుంచి వారసత్వం, ఏళ్లతరబడి – తరచుగా ఏడేళ్లు – అప్రెంటిస్‌గా పని, లేదా రుసుము కట్టి కొనుక్కోవడం. వీటిలో ఏదీ కుదరనివాడు ఆ ఊళ్లోనే పుట్టినా ‘ఫారినర్’ అనిపించుకున్నాడు. వాడు దుకాణం తెరవరాదు, తెరిస్తే సుంకం కట్టాలి. న్యూకాజిల్ బర్జెస్‌లు 1234లో మూడవ హెన్రీ నుంచి సంపాదించిన ‘హక్కుల్లో’ ఒకటి, యూదులెవరూ ఆ ఊళ్లో నివసించరాదన్నది. స్వేచ్ఛాపత్రాల చరిత్రను కీర్తించే రచనలు ఈ చార్టరు దగ్గర ఆగకుండా ముందుకు సాగిపోతాయి. ఆగవలసిన చోటు అదే.

3. న్యూకాజిల్: బొగ్గు ఎవరిది, గడ్డి ఎవరిది

బొగ్గు ప్రాంతపు చదువరికి ఇంగ్లీషు పట్టణాలన్నింటిలోకీ న్యూకాజిల్ అపాన్ టైన్ దగ్గరగా తోచాలి. 1239లో అక్కడి బర్జెస్‌లకు కోటగోడల వెలుపల రాయి, బొగ్గు తవ్వుకొనే అనుమతి రాజు నుంచి లభించింది. 1600లో ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టరుతో ‘హోస్ట్‌మెన్’ అనే వర్తకసంఘం చట్టబద్ధమైంది. టైన్ నది మీదుగా ఓడలకెక్కే బొగ్గు వ్యాపారం యావత్తూ వారి గుత్తాధిపత్యంలోకి పోయింది. హోస్ట్‌మన్ కావాలంటే ముందు ఊరి హక్కుదారు కావాలి. మేయరు, ఆల్డర్‌మెన్ పదవుల్లోనూ చాలాకాలం వాళ్లే. బర్జెస్, బూర్జువా ఒక్కడేనని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

బొగ్గు తవ్వినవాడు, మోసినవాడు ఎక్కడున్నారు? చుట్టుపక్కల నార్తంబర్లాండ్, డర్హం గనుల్లో పిట్‌మెన్ ఏడాదికొకసారి ‘బాండ్’ రాసి ఆ ఏడాదంతా ఒకే యజమానికి కట్టుబడి ఉండేవారు. 1765లో ఆ బాండ్ విషయమై పెద్ద సమ్మె జరిగింది. గని నుంచి వచ్చిన బొగ్గును చిన్న పడవల్లో నదిమీదుగా పెద్ద ఓడల దగ్గరకు చేరవేసిన ‘కీల్‌మెన్’ గోడల బయట శాండ్‌గేట్‌లో ఇరుక్కుని బతికారు. ముసలివారి కోసం, వితంతువుల కోసం 1701లో తమ కూలి డబ్బుల్లోంచి వాళ్లే ఒక ఆశ్రయగృహం కట్టుకున్నారు. ఊరి హక్కుల్లో చోటు లేనివాళ్లు ఊరి పక్కన తమ సంస్థను తామే నిర్మించుకోవడం ఈ చరిత్రలో తక్కువ గుర్తింపు పొందిన అధ్యాయం.

ఆ ఊరి పచ్చికబయలు ‘టౌన్ మూర్’ కథ మరీ ఆసక్తికరమైనది. 1770ల మొదట్లో నగరపాలకసంస్థ ఆ బయలులో కొంత భాగాన్ని కౌలుకిచ్చి కంచె వేయించబోయింది. ఊరి హక్కుదారులైన ఫ్రీమెన్ తిరగబడ్డారు. వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి 1774లో పార్లమెంటు చట్టంతో తేలింది. నేల నగరపాలకసంస్థది, దానిమీద పెరిగే గడ్డి ఊళ్లో నివసించే ఫ్రీమెన్‌ది, వారి వితంతువులది. ఒక్కొక్కరు రెండు పాడియావులను మేపుకోవచ్చు. నేల వేరు, నేలమీది బతుకు వేరు అని న్యాయపరిభాషలో ఇంత చక్కగా విడదీసిన సందర్భాలు అరుదు. ఆ మరుసటి ఏడాదే, 1775లో, అదే ఊరి బడిపంతులు థామస్ స్పెన్స్ అక్కడి ఫిలసాఫికల్ సొసైటీలో ప్రసంగిస్తూ, భూమి మొత్తం ఆ పరిధిలో నివసించే వారందరి ఉమ్మడి ఆస్తి కావాలనీ, కౌలు ఆదాయం అందరికీ పంచాలనీ వాదించాడు. ఫ్రీమెన్ తమ గడ్డి కోసం పోరాడారు. స్పెన్స్ అదే తర్కాన్ని ఫ్రీమెన్ కానివారికి కూడా చాచాడు. ఆ ప్రసంగం దరిమిలా సొసైటీ అతణ్ణి వెలివేసింది.

1835 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 178 పట్టణాల్లో బర్జెస్ నిర్వచనాన్నే మార్చింది. ఇల్లో దుకాణమో పట్టుకుని, ఆ ఏడాదితోపాటు అంతకు ముందు రెండేళ్లూ పన్నులు కట్టిన పురుషుడు ఇక బర్జెస్. వారసత్వపు ఫ్రీమెన్‌కు ఆస్తిలో వాటా మిగిలింది గాని, వ్యాపారంలో గుత్తహక్కు పోయింది. పేరు అదే, మనిషి మారాడు. మరో 34 ఏళ్లకు, 1869లో, పన్ను కట్టే ఒంటరి స్త్రీలకు కూడా పురపాలక ఓటు దక్కింది. వివాహిత మాత్రం వెలుపలే ఉండిపోయింది.

4. మద్రాసులో కొన్నాళ్లు

బర్జెస్ అన్న సంస్థ తెలుగువారి గడప తొక్కిన సందర్భం ఒకటుంది. 1687 డిసెంబరు 30న ఈస్టిండియా కంపెనీ మద్రాసుకు చార్టరు ఇచ్చింది: ఒక మేయరు, 12 మంది ఆల్డర్‌మెన్, 60 నుంచి 120 వరకు బర్జెస్‌లు. 1688 సెప్టెంబరు 29న సంస్థ ప్రారంభమైంది. తొలి ఆల్డర్‌మెన్‌లో చిన వెంకటాద్రి, ముద్దు వీరన్న పేర్లున్నాయి. చిన వెంకటాద్రి కంపెనీ ప్రధాన వర్తకుడు బేరి తిమ్మన్నకు సోదరుడు. కులపెద్దలను బర్జెస్‌లుగా తీసుకోవాలన్నది ఏర్పాటు.

ఈ ఏర్పాటు వెనుక ఉన్న సర్ జొసయ్యా చైల్డ్ ఉద్దేశం దాపరికం లేనిది. కంపెనీ నేరుగా విధించే పన్నును జనం ఎదిరిస్తున్నారు. ఆ జనం పెద్దలకే బిరుదులూ వస్త్రాలూ ఇచ్చి పన్ను విధించే పనిని వాళ్ల చేత చేయిస్తే వసూలు సులభమవుతుంది. ఇంగ్లాండులో బర్జెస్‌లు భారాన్ని తలకెత్తుకుని హక్కు సంపాదించారు; మద్రాసులో హక్కు అనే పేరు ముందు వచ్చి భారం వెనక వచ్చింది. జనం మాత్రం మోసపోలేదు, పన్ను విధింపు అనుకున్నట్లు సాగలేదు. 1726లో వచ్చిన కొత్త చార్టరు మేయరును, తొమ్మిది మంది ఆల్డర్‌మెన్‌ను ఉంచుకుంది. బర్జెస్‌లకు అందులో చోటు లేదు. ‘తెలుగువారి తొలి పురపాలక ప్రాతినిధ్యం’ వంటి మాటలతో ఈ ఘట్టాన్ని అలంకరించే ముందు ఆ పాత్రకు కంపెనీ ఏ పని అప్పగించిందో చూడాలి. పట్టణాన్ని ఒక వ్యాపారసంస్థే నిర్మించి, తానే నేల యజమానిగా ఉండి, ఆ పట్టణవాసులకు హక్కులు పంచినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న తెలుగుదేశంలో రెండు శతాబ్దాల తరవాత బొగ్గుబావుల దగ్గర మళ్లీ తలెత్తింది.

5. ఊరి కంటే ముందు నంబరు

1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో తవ్వకపు హక్కులు లండనులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. ఆ రాయితీ వ్యవహారంపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణసంఘం కూర్చుంది. విచారణ సాగింది రాయితీ గురించి, వాటాల గురించి. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. నేడు అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. గోదావరి దక్షిణపు ఒడ్డున రామగుండం బొగ్గుబావులు 1960ల తొలినాళ్లలో మొదలయ్యాయి. బావుల వెంట ఊరు వచ్చింది. దాని పేరులోనే నది, గని రెండూ ఉన్నాయి.

ఖనివాసి చిరునామా చూస్తే ఈ ఊరు ఎలా పుట్టిందో అర్థమవుతుంది. యైటింక్లైన్ కాలనీ, ఫైవింక్లైన్ – బావికి పెట్టిన నంబరు బస్తీకి పేరైంది. పాత తెలుగు ఊళ్లకు చెరువో, దేవుడో, కట్టించిన రెడ్డో పేరిచ్చారు. ఇక్కడ పేరు పెట్టింది గని మ్యాపు. ఈ నంబర్ల వెనక మనుషుల కదలిక ఉంది. 1970లలో కరీంనగర్ పల్లెల్లో దొరల వెట్టిని, దౌర్జన్యాన్ని తప్పించుకుని బావుల్లోకి చేరిన రైతుకూలీల కథ తెలంగాణ సాహిత్యానికి సుపరిచితం. విల్లీన్ పట్టణానికి పారిపోవడంతో దీనికి గల పోలిక పైపైది కాదు. గ్లాన్‌విల్ పెట్టిన షరతుకు సైతం ఇక్కడ జోడు ఉంది. బావిలో చేరినవాడు వెంటనే పర్మినెంటు కాడు. ‘బదిలీ వర్కర్’గా పట్టీలో ఉండి, ఎవరు రాకపోతే వారి బదులు దిగుతూ, ఏడాదిలో భూగర్భంలోనైతే 190, ఉపరితలంలోనైతే 240 మస్టర్లు పూర్తి చేయాలి. ఒకచోట ఏడాదీ ఒక రోజూ, మరొకచోట 190 మస్టర్లు. రెండుచోట్లా స్వేచ్ఛకు కొలత హాజరే.

ఆ మస్టర్లు నిండితే దక్కేది జీతం ఒక్కటే కాదు. క్వార్టరు, కరెంటు, నీళ్లు, కంపెనీ ఆసుపత్రి, పిల్లల బడి – ఒక పట్టణవాసికి పురపాలకసంస్థ సమకూర్చవలసినవన్నీ మస్టర్ పుస్తకం గుండా వచ్చాయి. అందుచేత సింగరేణి పట్టణంలో ఉద్యోగం అంటే ఊరి సభ్యత్వం కూడా. ‘వారసత్వ ఉద్యోగం’ అనే డిమాండు తీవ్రతను ఈ కోణం లేకుండా అర్థం చేసుకోలేం.

కోల్ ఇండియాతోపాటు సింగరేణికీ వర్తించే జాతీయ బొగ్గు వేతన ఒప్పందంలో, చనిపోయిన లేదా వైద్యపరంగా అనర్హుడైన కార్మికుని ఆశ్రితులకు ఉద్యోగం ఇచ్చే నిబంధన ఉంది. భార్య, కొడుకు, పెళ్లికాని కూతురు, వారెవరూ లేనిచోట కార్మికునిపై ఆధారపడి ఆ ఇంట్లోనే ఉంటున్న తమ్ముడో, అల్లుడో. స్త్రీ ఆశ్రితురాలు ఉద్యోగానికి బదులు నెలనెలా భృతి కోరుకోవచ్చు. ఈ జాబితాను న్యూకాజిల్ ఫ్రీమెన్ వారసత్వ నియమాల పక్కన పెట్టి చదివితే రెండూ ఒకే అచ్చులో పోసినట్లు కనిపిస్తాయి. మృతి, అనారోగ్యాలతో నిమిత్తం లేకుండా సర్వీసు చివరి ఏళ్లలో ఉన్న కార్మికుడు స్వచ్ఛందంగా దిగిపోయి కొడుక్కి ఉద్యోగం ఇప్పించే పథకాన్ని 2016 చివర సంస్థ ప్రకటించింది. 2017 మార్చిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది; సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. రాజ్యాంగం 14, 16 అధికరణాలు హామీ ఇచ్చిన సమానావకాశానికి పథకం విరుద్ధమన్నది తీర్పు సారం.

తీర్పు తర్కం కాదనలేనిది. ఓపెన్‌కాస్టు కింద పొలం పోయిన పల్లెల్లోని నిరుద్యోగి ఆ వారసత్వపు గిరికి బయటివాడు. వాడి వైపు నుంచి చూస్తే ఫ్రీమెన్ కొడుకుకు దక్కిన హక్కు అన్యాయమే. అయినా న్యాయస్థానం ముందు నిలిచినది ‘ప్రభుత్వరంగ ఉద్యోగం’ మాత్రమే. కార్మికకుటుంబం పోగొట్టుకున్నది అంతకంటే పెద్దది. తండ్రి రిటైరైన నాడు క్వార్టరు ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు ఉన్న ఊళ్లో ఆ కుటుంబానికి కాలు మోపే చోటు ఉండదు. 1774 చట్టం ప్రకారం న్యూకాజిల్ ఫ్రీమన్ వితంతువుకు ఆవులు మేపుకొనే హక్కు మిగిలింది. క్వార్టరు విడిచిన వృద్ధకార్మికునికి ఊరిమీద అలాంటి పిసరంత హక్కు కూడా మిగలదు. ‘వారసత్వం’ అన్న మాట వెనక వినిపించే డిమాండు నిజానికి స్థలం కోసం. సంఘాలు దాన్ని ఉద్యోగభాషలో అడిగాయి. కోర్టు ఉద్యోగభాషలోనే జవాబిచ్చింది. అడగవలసిన ప్రశ్న ఇద్దరి మధ్యా జారిపోయింది.

క్వార్టరు దొరకనివారు, రిటైరైనవారు, కూరగాయలమ్మేవారు, చిన్న దుకాణదారులు కంపెనీ స్థలాల్లోనో ప్రభుత్వ స్థలాల్లోనో ఇళ్లు వేసుకున్నారు. దశాబ్దాల తరబడి ఇంటిపన్ను కట్టినా, కరెంటు బిల్లు కట్టినా నేల వారిది కాదు. 1835 చట్టం కొలతలో వీరు నిక్కమైన బర్జెస్‌లు: ఇల్లుంది, పన్ను కట్టారు, నివాసం ఉంది. 12వ శతాబ్దపు కొలతలో కారు, ఎందుకంటే బర్గేజ్ లేదు. అమ్ముకోలేరు, బ్యాంకులో తాకట్టు పెట్టలేరు, కొడుక్కి కాగితం రాసివ్వలేరు. సింగరేణి స్థలాలను ప్రభుత్వానికి బదలాయించి, నివాసులకు నిర్ణీత రుసుముపై పట్టాలిచ్చే 76వ నంబరు జీవో ఈ లోటును పూడ్చడానికి వచ్చింది. చార్టరును రాజు దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్న బర్జెస్‌లతో పోల్చదగిన ఘట్టమే గాని, ఒక తేడా ఉంది. బర్జెస్‌లు ఊరంతా కలిసి కొన్నారు. ఇక్కడ ఇంటింటికీ విడివిడి దరఖాస్తు. హక్కు వ్యక్తికి వచ్చింది, సమూహానికి రాలేదు.

6. ఓటు ఉన్నచోట, లేనిచోట

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 243క్యూ అధికరణంలో ఒక మినహాయింపు ఉంది. పారిశ్రామిక సంస్థ తానే పురసేవలు అందిస్తున్న ప్రాంతాన్ని గవర్నరు ‘పారిశ్రామిక పట్టణం’గా ప్రకటిస్తే అక్కడ మునిసిపాలిటీ ఏర్పాటు చేయకపోవచ్చు. కంపెనీ నీళ్లిస్తే ఓటు అక్కరలేదన్నట్లున్న ఈ వాక్యం మీద తెలుగులో తగినంత చర్చ జరగలేదు. మద్రాసు చార్టరు రాసిన కంపెనీ సైతం పేరుకైనా బర్జెస్‌లను ఉంచింది.

రామగుండానికి ఆ గతి పట్టలేదు. 2009లో అది నగరపాలకసంస్థ అయింది. 2020 జనవరిలో 50 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. పన్నుతో నిమిత్తం లేని వయోజన ఓటు 1835 నాటి బర్జెస్‌ను ఎన్నో మెట్లు దాటింది. అద్దె గదిలో ఉండే కాంట్రాక్టు కూలీ కూడా డివిజన్లో ఓటరే. కాని నగరపాలకసంస్థ పరిధిలోనే ఎన్టీపీసీ టౌన్‌షిప్, సింగరేణి కాలనీలు సొంత నీళ్లతో, సొంత దీపాలతో విడి ద్వీపాల్లా ఉన్నాయి. ఊరి నేలలో పెద్ద భాగం మీద నిర్ణయం కౌన్సిలు చేతిలో లేదు.

నది దాటి ఉత్తరానికి పోతే మందమర్రి. అది కూడా సింగరేణి ఊరే. 2020 జనవరిలో రాష్ట్రమంతటా పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు మందమర్రిలో, ఇదే బొగ్గుపట్టీలోని మణుగూరు, పాల్వంచల్లో జరగలేదు. కారణం షెడ్యూల్డు ప్రాంతం. పురపాలకసంస్థలకు సంబంధించిన రాజ్యాంగభాగం షెడ్యూల్డు ప్రాంతాలకు తనంతట తాను వర్తించదని 243జెడ్‌సి అధికరణం చెబుతోంది. దాన్ని అక్కడికి విస్తరించే చట్టాన్ని పార్లమెంటు చేయలేదు. పంచాయతీల విషయంలో 1996లో పెసా వచ్చింది, పట్టణాలకు అలాంటిది రాలేదు. 1832కు ముందు ఇంగ్లాండులో ఓల్డ్ సారం అనే బరో ఉండేది. అక్కడ బర్గేజ్ స్థలాలకు ఓట్లున్నాయి, నివసించే మనుషులు దాదాపు లేరు. మందమర్రిలో వేలాది మనుషులున్నారు, ఊరి పాలకులను ఎన్నుకొనే ఓటు లేదు.

దీన్ని కేవలం ప్రజాస్వామ్యలోపంగా చిత్రించడం తొందరపాటు. అక్కడి నేల మీద ఆదివాసులకు 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన 1/70 సవరణ రక్షణ కల్పించాయి. గనికోసం వచ్చి స్థిరపడినవారికి పట్టాలు, వార్డులు, మేయరు అన్నీ సమకూరిన నాడు ఆ రక్షణ ఏమవుతుందన్న భయం ఆధారం లేనిది కాదు. బర్జెస్‌ల చార్టరు ఎప్పుడూ ఎవరో ఒకరిని గోడ బయట ఉంచింది. మందమర్రిలో గోడ బయట ఉండబోయేవారు ఆ నేలకు అందరికంటే పాతవారు. ఆదివాసుల ఉమ్మడిహక్కును ఉంచుతూ పట్టణవాసులకు ఓటు ఇచ్చే చట్టం రాయడం అసాధ్యమేమీ కాదు. ఇంతవరకూ ఎవరూ దానికి పూనుకోలేదు.

సాహిత్యవిమర్శ కూడా ఈ పార్శ్వాన్ని పట్టించుకోలేదనే చెప్పాలి. తుమ్మేటి రఘోత్తమరెడ్డి ‘నల్లవజ్రం’ మొదలుకొని సింగరేణి నేపథ్యంలో వచ్చిన కథలను, నవలలను పరిశోధకులు ఎక్కువగా గనిలోపలి శ్రమ, ప్రమాదం, సమ్మె అనే మూడు గదుల్లో సర్దారు. క్వార్టరు కోసం ఎదురుచూపు, కంపెనీ స్థలంలో వేసిన రేకులషెడ్డు, రిటైర్మెంటు తరవాత ఊరు విడవాల్సిన దిగులు – ఇవి కథలో కనిపించినా విమర్శలో ‘కుటుంబజీవనం’ అన్న శీర్షిక కింద రెండు పేరాలతో సరిపెట్టుకుంటాయి. శ్రమసంబంధాన్ని చదివినంత శ్రద్ధగా నివాససంబంధాన్ని చదివితే ఆ రచనలే వేరుగా పలుకుతాయి.

సింగరేణి కార్మికుడు వేసే ఓట్లలో నిజంగా బరువున్నది వేరొకటి ఉంది. గుర్తింపు సంఘం కోసం 1998 నుంచి రహస్య బ్యాలెట్ పద్ధతిలో ఎన్నికలు జరుగుతున్నాయి. క్వార్టర్లు, బదిలీలు, ఆశ్రితుల ఉద్యోగాలు, ఆసుపత్రి సౌకర్యాల గురించి యాజమాన్యంతో కూర్చుని మాట్లాడేది ఆ సంఘమే. పట్టణానికి సంబంధించిన నిర్ణయాల్లో అనేకం జరిగే బల్ల అది. అందుకే ఆ ఎన్నికలు అసెంబ్లీ ఎన్నికల స్థాయి సందడితో సాగుతాయి. 2023 డిసెంబరు 27న జరిగిన పోలింగులో ఏఐటీయూసీ గుర్తింపు సంఘంగా నెగ్గింది. ఆనాటి ఓటర్ల సంఖ్య 40 వేల చుట్టూ ఉంది. 1990ల తొలినాళ్లలో సంస్థ కార్మికుల సంఖ్య లక్ష దాటి ఉండేది. ఊరి జనం పెరుగుతుండగా హక్కుదారుల పట్టీ కుదించుకుపోవడం 1835కు ముందు ఎన్నో ఇంగ్లీషు బరోల్లో కనిపించిన దృశ్యమే. ఆ 40 వేలలో కాంట్రాక్టు కార్మికులు లేరు. ఓపెన్‌కాస్టులో మట్టి తీసేవారు, కాలనీలు ఊడ్చేవారు, కంపెనీ బండ్లు నడిపేవారు వేల సంఖ్యలో ఉన్నారు. వారికి ఆ రోజు బ్యాలెట్ లేదు. కీల్‌మెన్ లాగే వారూ తమ సంఘాలను తాము కట్టుకుని, అదే ఊళ్లో, అదే కంపెనీ గేటు ముందు జీతాల పెంపు కోసం నిలబడుతున్నారు.